లంకలో నలుగురు కలిసి పడవ కొన్నారా? వాడకం, ఖర్చు ఇలా రాసుకోండి

గోదావరిలో గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య లంకల్లో, అంటే ఏటి మధ్య దీవుల్లో, పొలాలున్నవాళ్ళకి పడవ లేకపోతే పని నడవదు. అరటి గెలలు ఇవతలి గట్టుకి చేరితేనే రావులపాలెం మార్కెట్‌కి వెళ్తాయి, కొబ్బరికాయ చేరితేనే అంబాజీపేట వెళ్తుంది, ఎరువు బస్తాలు, పశువుల గడ్డి, పాల క్యాన్లు, కూలీలు అన్నీ ఏరు దాటాల్సిందే. ఇంజన్‌తో సహా పడవ ఒక్కడే కొనాలంటే చిన్న రైతుకి మోయలేని బరువు కాబట్టి ముగ్గురో నలుగురో కలుస్తారు, ఎక్కువగా అన్నదమ్ములు, బావమరుదులు, పక్కపక్క చేలవాళ్ళు. మొదటి ఏడాది బాగానే గడిచిపోతుంది. ఇంజన్ బోరుకి వచ్చిందని, అంటే లోపల సిలిండర్ అరిగి పెద్ద రిపేరు చేయాలని, మెకానిక్ చెప్పిన రోజున మాటలు మొదలవుతాయి. "నేను నెలకి నాలుగుసార్లు కూడా పడవ వెయ్యలేదు, నాకూ సమానంగానే ఎందుకు?" అని ఒకరంటారు, "పడవ కొన్నప్పుడు సమానంగానే పెట్టాం కదా" అని ఇంకొకరంటారు. నిజానికి ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. చేతిలో లెక్క లేదు కాబట్టే అది గొడవ అవుతుంది.

చాలామంది "ఎవరి డీజిల్ వాళ్ళే పోసుకుంటున్నాం, ఇంకేం లెక్క" అనుకుంటారు. డీజిల్ కంటికి కనిపించే ఖర్చు. కనిపించనిది అరుగుదల. మీరు గంటసేపు ఇంజన్ నడిపితే ఆయిల్ పాడవుతుంది, రింగులు అరుగుతాయి, షాఫ్ట్ బుష్ వదులవుతుంది, ఇవన్నీ ఆ గంటలో మీరు ఖర్చుపెట్టినవే, కాకపోతే బిల్లు రెండేళ్ళ తర్వాత వస్తుంది, వచ్చినప్పుడు నలుగురి మీదా పడుతుంది. ఈ ఒక్క విషయం అందరికీ అర్థమైతే మిగతా లెక్క కష్టమేమీ కాదు.

ఖర్చుని మూడు ఖాతాలుగా విడదీయండి. పడవ రేవులో కట్టేసి ఉన్నా తప్పనివి మొదటిది: ఏడాదికోసారి ఒడ్డుకి లాగి సందులు పూడ్చి తారు పూయడం, రంగు, మోకులు, లంగరు, ఇన్సూరెన్స్, రేవు దగ్గర కాపలా ఉంటే వాళ్ళకిచ్చేది. వాడినా వాడకపోయినా పడవ మనకోసం సిద్ధంగా ఉండటానికి అయ్యే ఖర్చు ఇది, కాబట్టి తలా సమానం. ఇంజన్ తిరిగిన గంటల్ని బట్టి అయ్యేవి రెండోది, ఎవరి గంటలకి వాళ్ళు. మూడోది దెబ్బలు, ప్రమాదాలు. దానికి వేరే పద్ధతి కావాలి, కింద చెప్తాను.

పెట్టుబడి సమానంగా లేకపోతే? ఒకాయన సగం పెట్టి, మిగతా ముగ్గురూ కలిసి సగం పెట్టారనుకోండి. అలాంటప్పుడు యాజమాన్యం వాటా వేరు, వాడకం వాటా వేరు అని ముందే అనుకోండి. పడవ అమ్మినప్పుడు వచ్చే డబ్బు, పడవ విలువని నిలబెట్టే పెద్ద పనులు (అడుగు పలకలు మార్చడం, కొత్త ఇంజన్ కోసం గంటల డబ్బులోంచి కూడబెట్టే ఇంజన్ నిధిలో తగ్గిన మొత్తం) పెట్టుబడి వాటా ప్రకారం. నెలవారీ గంటల లెక్కలోకి మాత్రం పెట్టుబడిని రానివ్వకండి. సగం పెట్టినాయనకి గంట రేటు సగం అవ్వదు.

ఇక గంటలు ఎలా కొలవాలి. ట్రిప్పులు లెక్కపెట్టడం తేలిక గానీ న్యాయం కాదు, ఎందుకంటే ఎదురుగా కనిపించే లంకకి దాటడం ఒక ట్రిప్పే, ఎరువు బస్తాలేసుకుని ఎదురునీటికి మైళ్ళు వెళ్ళడమూ ఒక ట్రిప్పే. అవర్ మీటర్ కొని బిగించండి. బండ్ల స్పేర్ పార్టుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఖర్చు పెద్దగా ఉండదు. ఒక్కటి గమనించండి, చవగ్గా దొరికే రకం ఒకటి స్పార్క్ ప్లగ్ వైరు చుట్టూ తీగ చుట్టి పనిచేయించేది, అది పెట్రోలు ఇంజన్లకే పనికొస్తుంది, డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గే ఉండదు. మనకి కావాల్సింది ఇంజన్ అదురుని బట్టి తనే నడిచే రకం, లోపలే బ్యాటరీ ఉంటుంది, నీళ్ళు పడినా చెడనిది అడిగి తీసుకోండి. ఇంజన్ ఆగినప్పుడు అంకె కదలకూడదు, ఐడిల్‌లో కూడా కదలాలి, బిగించిన రోజే నలుగురూ ఉండగా ఇది చూసుకోండి.

పుస్తకం పడవలోనే ఉండాలి, ఇంటి దగ్గర కాదు. ఇంటికెళ్ళాక రాద్దాం అనుకున్నది అన్నం తినేసరికి మర్చిపోతాం. గట్టి అట్ట ఉన్న చిన్న పొడవు పుస్తకం, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు, దారంతో కట్టిన పెన్సిలు, అంతే. పెన్ను వద్దు, తడి తగిలితే సిరా కరిగి పేజీ మొత్తం నీలం అయిపోతుంది, పెన్సిలు గీత తడిసి ఆరినా చదవగలం. ఒక్కో వరుసలో తేదీ, పేరు, ఎక్కేటప్పుడు మీటరు, దిగేటప్పుడు మీటరు, ట్యాంకులో డీజిల్, ఏం సరుకు, చివర ఒక చిన్న మాట. ఆ చివరి గడి చాలా విలువైనది. "ఎడమ పక్క నీరు ఊరుతోంది", "బెల్టు అరుస్తోంది", "దిబ్బ దగ్గర ఫ్యాన్ (నీళ్ళలో తిరిగే రెక్కలు) తగిలింది" లాంటివి అక్కడే రాయాలి. దిగేటప్పుడు మీటరు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే ఇంకా మంచిది, పుస్తకం పోయినా లెక్క పోదు. ఒకరు దిగిన అంకె దగ్గరే తర్వాతివాళ్ళు ఎక్కిన అంకె మొదలవ్వాలి. మధ్యలో తేడా వస్తే ఎవరో రాయలేదన్నమాట. ఆ గంటలు ఎవరివో తేలకపోతే నలుగురి మీదా సమానంగా వేసేయండి. రెండుసార్లు అలా పడితే ఎవరూ చెప్పకుండానే అందరూ రాయడం అలవాటు చేసుకుంటారు.

చేత్తో తిప్పి స్టార్ట్ చేసే ఇంజన్ అయితే హ్యాండిలే తాళం చెవి. దాన్ని పడవలో వదిలేయకుండా రేవుకి దగ్గరున్న ఒక ఇంట్లో మేకుకి తగిలించండి, దాని పక్కనే ఒక క్యాలెండర్. హ్యాండిల్ తీసుకెళ్ళేవాళ్ళు ఆ తేదీ గడిలో పేరు రాయాలి. ఆ ఇంట్లో ఆడవాళ్ళకి కూడా ఈ పద్ధతి తెలిసి ఉండాలి, ఎందుకంటే పొద్దున్నే నాలుగింటికి తలుపు తట్టేవాళ్ళకి హ్యాండిల్ ఇచ్చేది చాలాసార్లు వాళ్ళే. "అక్కా, పేరు రాయకుండా ఎవరికీ ఇవ్వకు" అని ఒక్కమాట చెప్తే చాలు, మనకంటే వాళ్ళే గట్టిగా పట్టుకుంటారు.

డీజిల్‌కి నేను చెప్పే పద్ధతి, నిండు ట్యాంకు తీసుకుని నిండు ట్యాంకు అప్పగించడం. అది కుదరనిచోట కొలబద్ద చేసుకోండి. ట్యాంకు ఖాళీ చేసి, పడవ సమానంగా ఉన్నప్పుడు, కొలత డబ్బాతో ఒక్కో లీటరూ పోస్తూ ఒక సన్నని వెదురు బద్ద ముంచి తడిసినచోట బ్లేడుతో గాటు పెట్టండి. తర్వాత ఎప్పుడు చూసినా అలాగే, సరుకు దించేసి, ఇంజన్ ఆపి, పడవ ఒక పక్కకి వాలకుండా ఉన్నప్పుడే చూడాలి, లేకపోతే అదే డీజిల్ ఒక లీటరు అటూఇటూ కనిపిస్తుంది. 10 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్ పూర్తి లోడు మీద గంటకి సుమారు 2 నుంచి 2.5 లీటర్లు తాగుతుంది, నెమ్మదిగా నడిపితే బాగా తగ్గుతుంది. మీ పుస్తకంలో ఒకరి పేరు మీద అది ఎప్పుడూ ఎక్కువగా కనిపిస్తుంటే ఆయన దొంగ అనుకోకండి, ఆయన చేను ఎగువన ఉండొచ్చు, సరుకు బరువు కావచ్చు, ఎప్పుడూ ఎదురునీటికే వెళ్ళాల్సి రావచ్చు. డీజిల్‌ని గంటల రేటులో కలపకుండా విడిగా ఉంచమనేది ఇందుకే.

ఇప్పుడు గంట రేటు. అంకెలు ఉదాహరణకి వేస్తున్నాను, మీ మెకానిక్‌ని అడిగి మీ ఇంజన్‌కి సరిపడేవి వేసుకోండి. ఆయిల్, ఫిల్టర్లు 100 గంటలకోసారి 1,500 రూపాయలనుకుంటే గంటకి 15. బోరు పని 1,500 గంటలకి 30,000 అనుకుంటే గంటకి 20. ఫ్యాన్, బుష్, బెల్టు లాంటి చిల్లర సామాను గంటకి 10. కొత్త ఇంజన్ 1,20,000, పాతది పాత ఇనుము కింద 20,000 వస్తుంది, మధ్యలో 5,000 గంటలు నడుస్తుంది అనుకుంటే గంటకి ఇంకో 20. మొత్తం 65 రూపాయలు. చాలామంది ఆ చివరి 20 దగ్గర ఆగిపోతారు, "కొత్త ఇంజన్ సంగతి అప్పుడు చూసుకుందాం" అంటారు. అప్పుడు చూసుకుందాం అంటే ఎక్కువ వాడినవాళ్ళ అరుగుదలకి తక్కువ వాడినవాళ్ళు డబ్బు కట్టడమే. ఆ 20 తీసేయకండి.

కదలకపోయినా అయ్యే ఖర్చు ఏడాదికి 24,000 అనుకుంటే తలకి నెలకి 500. ఒక నెలలో అరటి రైతు 40 గంటలు, పశువులున్నాయన 22, కొబ్బరి తోట ఆయన 14, ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటూ అప్పుడప్పుడు వచ్చే తమ్ముడు 4 గంటలు వాడారు. మొత్తం 80 గంటలు, 5,200 రూపాయలు. 500 కలుపుకుంటే అరటి రైతు కట్టేది 3,100, పశువులాయన 1,930, కొబ్బరాయన 1,410, తమ్ముడు 760. కలిపితే 7,200. ఇదే సమానంగా పంచితే తలకి 1,800, అంటే నాలుగు గంటలు వాడిన తమ్ముడు ప్రతి నెలా 1,040 ఎక్కువ కడుతున్నాడు, అన్నగారి గెలలు మోయడానికి. ఆ తమ్ముడు నోరు తెరిచి అడగడు, మొహమాటం. రెండేళ్ళ తర్వాత "నా వాటా ఎవరైనా తీసుకోండి" అంటాడు, అందరూ ఆశ్చర్యపోతారు.

మీటరు పట్టుకోలేనిది ఒకటుంది, నిరీక్షణ. అవతలి గట్టున ఇంజన్ ఆపి మూడు గంటలు గెలలు కోయించుకుంటుంటే మీటరు కదలదు, కానీ పడవ ఇంకొకరికి లేనట్టే. కాబట్టి వంతులు గంటలకి కాకుండా పూటలకి పెట్టుకోండి. వంతు దాటి ఉంచుకుంటే ముందుగా ఫోన్ చేసి అడగాలి, అడగకుండా ఉంచేస్తే దాటిన ప్రతి గంటా ఇంజన్ నడిచినట్టే రాయాలి.

దిగువన, యానాం వైపో అంతర్వేది వైపో ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు. అక్కడ పోటూ పాటూ (సముద్రం నీరు ఎక్కడం, తీయడం) రోజుకి రెండేసిసార్లు, ప్రతి రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటాయి. అంటే సోమవారం పొద్దున ఆరింటికి నీళ్ళు నిండుగా ఉంటే, వచ్చే సోమవారం అదే ఆరింటికి పాటు తీసి బురద తేలి ఉంటుంది. పడవ చేను గట్టుకి చేరదు, మోకాలి లోతు బురదలో గెలలు నెత్తిన మోయాలి. గడియారం చూసి వంతులేస్తే ఒకరి వంతు ఉత్త కాగితం మీద వంతే అవుతుంది. అందుకని "పొద్దుటి పోటు నీది, మాపటి పోటు నాది" అని పోటుల లెక్కన వంతులేసుకోండి, పౌర్ణమికీ అమావాస్యకీ పోటు జోరుగా ఉంటుంది కాబట్టి బరువు సరుకులున్నవాళ్ళకి ఆ రోజులు ముందుగా ఇవ్వండి. సంక్రాంతి మూడు రోజులు మాత్రం చీటీలు వేయండి, చుట్టాలు అందరిళ్ళకీ వస్తారు, ఇంకో దారి లేదు.

ఇద్దరు కలిసి వెళ్తే గంటలు సగం సగం, సరుకు తేడా పట్టించుకోవద్దు. పాము కాటు, పురిటి నొప్పులు, అర్ధరాత్రి జ్వరం, ఊళ్ళో ఎవరి ఇంట్లోదైనా సరే, ఆ గంటలు ఉమ్మడి ఖాతాలో రాయండి, డీజిల్ కూడా. ఈ మాట ముందే ఒప్పుకుని పుస్తకం మొదటి పేజీలో రాయండి, ఆ రాత్రి హ్యాండిల్ తీసేవాళ్ళు ఒక్క క్షణం కూడా ఆలోచించకూడదు.

పని లెక్క కూడా రాయాలి. రేవుకి దగ్గరగా ఉన్నాయన మీదే అన్నీ పడతాయి: వాన పడిన రాత్రి పడవలో నీళ్ళు తోడడం, పోటుకి తగ్గట్టు మోకు సవరించడం, మెకానిక్‌ని పిలుచుకొచ్చి పక్కన నిలబడటం. ఆయన అడగడు, మనం గమనించం. సగం పూట పైన పట్టే ప్రతి పనికీ మీ ఊరి కూలి రేటు ప్రకారం ఆయన పేరు మీద జమ వేసి ఆయన కట్టాల్సిన నెల లెక్కలో తీసేయండి. రోజూ నీళ్ళు తోడడానికి నెలకి ఒక మొత్తం అనుకోండి. డబ్బు వద్దంటే గంటలిచ్చేయండి, కానీ ఊరికే చేయించుకోకండి.

దెబ్బల సంగతి. ఎండాకాలం నీరు తగ్గాక ఇసుక మేటలు ఎక్కడ వేశాయో పోయినేడాది చూసినవాళ్ళకి కూడా తెలియదు, ఫ్యాన్ రెక్క వంగుతుంది, పాత వల చుట్టుకుంటుంది. ఎవరు కట్టాలి? నేనైతే ఒకే ప్రశ్న వేస్తాను: ఆ రోజు ఆ దారిలో నలుగురిలో ఎవరు నడిపినా జరిగేదేనా? అవును అయితే ఉమ్మడి. చీకట్లో లైటు లేకుండా వెళ్ళడం, మోతాదు మించి ఎక్కించడం, ఆయిల్ చూడకుండా స్టార్ట్ చేయడం, పడవ నడపడం రానివాళ్ళ చేతికివ్వడం అయితే నడిపినవాళ్ళదే. దెబ్బ తగిలిన వెంటనే చెప్పినవాళ్ళకి సగం మాఫీ అని పెట్టుకోండి. దాచిపెట్టిన చిన్న చిల్లే ఏటి మధ్యలో పెద్దదవుతుంది, ఆ సగం డబ్బు కంటే చెప్పే ధైర్యమే మనకి ముఖ్యం.

లైఫ్ జాకెట్ల దగ్గర మాత్రం గంటలూ వాటాలూ మాట్లాడకండి. పడవలో పట్టేంతమందికీ, పిల్లల సైజువి విడిగా, ఉమ్మడి డబ్బుతో కొనాలి. 2018 జూలైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర పడవ ప్రమాదంలో బడి పిల్లలు చనిపోయారు. ఆ రేవుల్లో తిరిగేవాళ్ళం మనం, అది మర్చిపోయే హక్కు మనకి లేదు. నెలకోసారి బకిల్స్, కుట్లు చూసి, చూసినవాళ్ళ పేరు పుస్తకంలో రాయండి.

వరద నియమాలు వేరే పేజీలో ఉండాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక రాగానే సొంత ట్రిప్పులు ఆపేసి పడవ ఊరి పనికే అని అనుకోండి, అది కూడా నడపడం బాగా తెలిసిన ఇద్దరే. వరద రోజుల్లో రాత్రి కాపలా వంతులవారీ, కట్టడానికి రెండు మోకులు, రెండు వేర్వేరు చెట్లకి, నీరు పెరిగేకొద్దీ వదులు ఇస్తూ ఉండాలి, బిగించి కట్టి నిద్రపోతే ముంపులో పడవ ముక్కు కిందకి లాగేసి నీళ్ళు ఎక్కేస్తాయి. అధికారులు సహాయం పనికి పడవ తీసుకుని అద్దె ఇస్తే, నడిపినవాళ్ళ కూలీ, డీజిల్ తీసేసి మిగిలింది ఇంజన్ నిధిలో వేయండి. ఆ డబ్బు వచ్చేసరికి నెలలు పట్టొచ్చు కాబట్టి ఎన్ని గంటలు, ఏ తేదీన, ఎవరు పిలిచారు అనేది అప్పటికప్పుడు రాసి సంతకం తీసుకోండి.

డబ్బు ఎవరి జేబులోనూ ఉండకూడదు. ఇద్దరి సంతకంతో తీసే బ్యాంకు ఖాతా, నెల మొదటి ఆదివారం లెక్క, వారంలోపు ఫోన్‌పేలో జమ. లెక్క చూసేవాళ్ళు ఏటా ఉగాదికి మారాలి, అప్పుడే అందరికీ రేటు ఎందుకు 65 అనేది అర్థమవుతుంది. ఆ రోజే గంట రేటు కూడా సవరించండి. రెండు నెలలు కట్టనివాళ్ళకి మూడో నెల హ్యాండిల్ ఇవ్వకూడదు, జబ్బు, చావు, పంట నష్టం లాంటివైతే గ్రూపులో చెప్పి వాయిదా తీసుకోవచ్చు. ఇంటర్ చదివే పిల్లలుంటే గూగుల్ షీట్ వాళ్ళకి అప్పగించండి, పది నిమిషాల పని.

ఆఖరుగా కాగితం. రిజిస్ట్రేషన్, ఇంజన్ బిల్లు ఎవరో ఒకరి పేరు మీదే ఉంటే మిగతావాళ్ళ వాటా నోటిమాటే. స్టాంపు కాగితం మీద ఎవరెంత పెట్టారో రాసి నలుగురూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు పెట్టి, తలా ఒక కాపీ ఉంచుకోండి. వాటా వదులుకోవాలంటే ముందు మిగతా ముగ్గురికే చెప్పాలి, రెండు నెలలు గడువు, వాళ్ళు వద్దంటేనే బయటివాళ్ళకి. ధర కట్టేటప్పుడు పడవ చేసే వడ్రంగి, ఇంజన్ మెకానిక్ చెప్పిన విలువల్ని కలిపి, ఇంజన్ నిధిలో ఉన్న డబ్బులో ఆయన వాటా కలిపి, బాకీ ఉంటే తీసేసి ఇవ్వాలి. వాటాదారు పోతే ఆయన భార్యకో పిల్లలకో అదే వాటా, అవే గంటలు, అదే రేటు. నడిపేవాళ్ళు ఆ ఇంట్లో లేకపోతే మిగతా ముగ్గురిలో ఒకరు వంతులవారీగా నడిపిపెట్టాలి, దానికి కూలీ లెక్క పైన చెప్పినట్టే.